గొలుసు వెయ్యని బండి

ఆవిడని మా వీధిలో బండక్క అనేవాళ్ళం. మొదట్లో బండి అక్క. పిలవగా పిలవగా మధ్యలో అక్షరం అరిగిపోయి బండక్క అయింది. కొత్తగా అద్దెకి దిగినవాళ్ళు అది మొండితనానికి పెట్టిన పేరనుకునేవాళ్ళు. ఆవిడ దిద్దేది కాదు. "ఏదైతేనేం, రెండూ నాకు సరిపోతాయిలే" అని నవ్వేసేది.

మా వీధి చివర రోడ్డు ఒక్కసారిగా ఏటవాలుగా కిందికి దిగుతుంది. ఆ దిగుడు మొదట్లోనే, ఆకుపచ్చ వల కప్పిన పందిళ్ళ కింద, మొగుడూ పెళ్ళాం మొక్కలు పెంచి అమ్మేవాళ్ళు. అతను అంట్లు కట్టడంలో చెయ్యి తిరిగినవాడు. చిన్నప్పుడే ఒక కంటి చూపు పోవడంతో అతనికి డ్రైవింగు లైసెన్సు ఇవ్వలేదు. మనిషి మెత్తన. నోట్లో నాలుక లేనివాడని ఎవరైనా అంటే, "ఎందుకు లేదూ, ఉంది. నా మీద వాడటానికి దాచుకుంటారు" అని ఆవిడే వెనకేసుకొచ్చేది.

పక్క ఊళ్ళో వారానికోసారి సంత. అక్కడే వాళ్ళ అమ్మకమంతా. మొదట్లో వ్యాను మాట్లాడుకునేవాళ్ళు. వ్యాను వాళ్ళకి మొక్కలూ ఒకటే, ఇటుకలూ ఒకటే. సంతకి చేరేసరికి సగం కుండీలు పగిలి, సగం కొమ్మలు విరిగి, చూస్తే ఏడుపొచ్చేది. ఆవిడ విసిగిపోయి ఒక పాత కారూ, దాని వెనక తగిలించుకునే చిన్న ట్రైలరూ సంపాదించింది. ట్రైలరంటే పెద్దదేం కాదు. ఒకే ఇరుసు, రెండు చక్రాలు, చుట్టూ పలకలు, ముందు పొడుచుకొచ్చిన ఇనుప మెడ. కారు వెనక బిగించిన గుండు మీద ఆ మెడ చివరి కప్పు కూర్చుంటుంది. వాళ్ళింట్లో దాన్ని తోకబండి అనేవాళ్ళు.

కారు తోలడం వచ్చినంత మాత్రాన తోకబండి లాగడానికి లేదు. దానికి పరీక్ష వేరు, లైసెన్సు మీద వేసే ముద్ర వేరు. మొదటిసారి ఆవిడ తప్పింది. ముందుకి ఎవరైనా లాగుతారు, వెనక్కి నెట్టడంలోనే ఉంది తంటా అంతా. స్టీరింగు కుడికి తిప్పితే తోక ఎడమకి పోతుంది. కాస్త ఎక్కువ తిప్పితే మడతపడి కారునే గుద్దుతుంది. మూసేసిన ఒక గోడౌను ఆవరణలో ఖాళీ రంగు డబ్బాలు వరసగా పెట్టుకుని ఆవిడ సాధన చేస్తుంటే, మొగుడు వెనక నిలబడి అరిచేవాడు.

"ఎడమకి, ఎడమకి!"

"ఎవరి ఎడమకండీ? నా ఎడమకా, మీ ఎడమకా, దాని ఎడమకా?"

"ఇంక ఎటైనా ఒకటే. డబ్బా చచ్చింది, దిగిరా."

ఆ రోజుల్లో వాళ్ళిద్దరూ సంతోషంగా ఉండేవాళ్ళు. అది మేమంతా చూశాం, అందుకే చెబుతున్నాను. రెండోసారి పరీక్షలో నెగ్గి వచ్చి, ఆవిడ ఆ కార్డు తెచ్చి మా ఇంట్లో కూడా చూపించింది.

లైసెన్సు వచ్చాక ఆవిడ పద్ధతే పద్ధతి. బయల్దేరే ముందు బండి చుట్టూ ఒక ప్రదక్షిణ. కప్పు గుండు మీద కూర్చుని గడియ పడిందో లేదో మెడ పట్టుకుని పైకి లాగి చూసేది. దాని కింద రెండు గొలుసులు కత్తెరలా అడ్డంగా వేసేది. ఒకవేళ కప్పు ఊడినా మెడ నేలని తాకకుండా ఆ గొలుసుల్లో పడుతుంది, బండి కారుని వదిలి పోదు. తర్వాత వెనక దీపాలు, నంబరు పలక, టైర్లలో గాలి. బరువంతా ఇరుసుకి కాస్త ముందుకి వచ్చేలా సర్దేది. వెనక పలక తీయగానే అందేలా పెడితే దించుకోవడం తేలిక కదా అని మొగుడు ఒకసారి అంటే, ఆవిడ పని ఆపి మరీ చెప్పింది.

"వెనక బరువెక్కితే కారు ముక్కు లేస్తుంది, తోక ఊగుతుంది. ఊగడం మొదలయ్యాక భయపడి బ్రేకు తొక్కామో, మనం తోలేది ఇంకేం ఉండదు. అదే మనల్ని తోలుతుంది. అప్పుడు యాక్సిలరేటరు మీద కాలు మెల్లగా తీసి, స్టీరింగు తిన్నగా పట్టుకుని ఊరుకోవాలి. అంత ధైర్యం నాకుందో లేదో నాకే తెలీదు. అందుకే ముందే సర్దుకుంటాను."

ఆవిడ బావగారు, అంటే మొగుడి అన్నయ్య, సిటీ బస్సు డ్రైవరు. దిగుడుకి అడుగున సొంత ఇల్లు. తల్లి ఆయన దగ్గరే ఉండేది. చాలా ఏళ్ళుగా బస్సు తోలుతున్నాడు, బండి మీద ఒక్క గీత పడనివ్వలేదని పేరు. నిజమే, పడనివ్వలేదు. ఆ మాట ఆయన నోటితో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. మరదలు తోకబండి తగిలించుకుని వెళ్తుంటే, బస్సు ఆపుకుని మరీ కిటికీలోంచి పలకరించేవాడు. "ఏం అమ్మాయ్, తోక జాగ్రత్త!" అనగానే బస్సులో వాళ్ళంతా నవ్వేవాళ్ళు. ఆవిడ కూడా నవ్వేది. మొదట్లో.

ఆయన మేడ మీద రెండు గదులు వేయిస్తున్నాడు. ఒకరోజు పొద్దున్నే తోటకి వచ్చి, మా వీధికి ఎగువన ఉన్న టైల్స్ దుకాణం నుంచి నేల పలకలు తెచ్చుకోవాలి, కారూ ట్రైలరూ కావాలన్నాడు.

"మధ్యాహ్నం నేనే తెచ్చిపెడతాను బావగారూ. పలకలు చూడ్డానికి కాసినే ఉంటాయి గానీ బరువు చాలా ఉంటుంది. రెండు విడతలుగా తేవాలి" అంది ఆవిడ.

"మధ్యాహ్నం దాకా మేస్త్రీని కూర్చోబెట్టి కబుర్లు చెప్పమంటావా?"

"దానికి లైసెన్సు మీద ముద్ర ఉండాలండీ."

ఆయన మొహం ఎర్రబడింది. "బస్సు నిండా మనుషుల్ని వేసుకుని తోలే వాడికి ఈ డొక్కు బండికి ముద్ర కావాలా? బాగుందమ్మా, నీ దగ్గర నేర్చుకోవాల్సిన రోజొచ్చింది."

ఆవిడ మాట పెంచలేదు. చినుకులు మొదలవుతుంటే నారు తడిసి కుళ్ళిపోకుండా పట్టా కప్పడానికి వెనక పందిట్లోకి వెళ్ళింది. ఆయన తమ్ముడి వైపు తిరిగాడు. ఏమన్నాడో తెలీదు. పెద్దగా ఏమీ అని ఉండడు, అన్నయ్య చెయ్యి చాపితే చాలు. అతను మేకుకి తగిలించిన తాళాలు తీసి ఇచ్చాడు. ఇచ్చి, తనూ ఎక్కి కూర్చున్నాడు.

పందిట్లోంచి వచ్చి చూస్తే కారు లేదు. ఆవిడ గేటు దగ్గర నిలబడింది. కాసేపటికి ఎగువ నుంచి వచ్చింది కారు. ముక్కు పైకి లేచి ఉంది. పలకల పెట్టెలన్నీ ట్రైలరు వెనక అంచున పేర్చారు, ముందంతా ఖాళీ. మెడ కింద గొలుసులు వేలాడుతూ తడి రోడ్డు మీద గలగలమంటూ ఈడ్చుకొస్తున్నాయి.

"ఆపండి! గొలుసులు వెయ్యలేదు! ఆపండి!" అని అరుస్తూ వెనకాల పరిగెత్తింది. అద్దాలు మూసి ఉన్నాయి.

దిగుడులో బండి వేగం అందుకుంది. తోక ముందు కొంచెంగా ఊగింది, తర్వాత రోడ్డంతా తనదే అన్నట్టు ఊగింది. ఆయన బస్సుకి తొక్కినట్టే తొక్కాడు బ్రేకు. కప్పు గుండు మీద నుంచి ఎగిరింది. ట్రైలరు కారుని వదిలేసి, రోడ్డు దాటి, కుడివైపు దుకాణాల మీదికి పోయింది.

ఆ వరసలో ఒకటే దుకాణం తెరిచి ఉంది, టైలర్‌ది. వాన జల్లు లోపలికి కొడుతోందని అతను షట్టరు సగానికి దించడానికి మెట్టు మీదికి వచ్చాడు. ట్రైలరు అతని కుడికాలిని ఆ మెట్టుకేసి నొక్కేసి ఆగింది.

మొదట అతని దగ్గరికి చేరింది బండక్కే. ఒంటి మీది చున్నీ తీసి, మోకాలి కింద బిగించి కట్టి, అతని తల ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. మేమంతా అరుపులు విని వెళ్ళేసరికి కనిపించింది అదే: ఆవిడ, ఆవిడ బట్టల నిండా బురదా రక్తం, పక్కన ఆవిడ ట్రైలరు. అన్నదమ్ములిద్దరూ దూరంగా కారు దగ్గర నిలబడి ఉన్నారు. పోలీసు వచ్చి, "ఎవరిదీ బండి?" అని అడిగాడు.

"నాదే" అంది.

"లైసెన్సు?"

ఇచ్చింది. అతను ముద్ర చూసి రాసుకున్నాడు. తోలింది నువ్వేనా అని అడగలేదు. ముద్ర ఉన్న మనిషి ఆవిడ ఒక్కర్తే, ఇంకెవరు తోలుతారనుకున్నాడు. నేను కాదు అని చెప్పాలని కూడా ఆవిడకి తోచలేదు. టైలర్ ఆవిడ చెయ్యి పట్టుకుని, "కాలుందామ్మా? చూసి చెప్పు, కాలుందా?" అని అడుగుతూనే ఉన్నాడు.

ఆస్పత్రిలో పాదం తీసేశారు.

అక్కడి వరండాలో, చెక్క బల్ల మీద కూర్చుని ఉండగా అత్తగారూ, తోడికోడలూ వచ్చారు. బావగారు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. అత్తగారు ఆవిడ పక్కనే కూర్చుని తల నిమిరింది. పెళ్ళయ్యాక అంత ఆప్యాయంగా నిమరడం అదే మొదలు.

"తల్లీ, వాళ్ళు నువ్వే తోలావనుకుంటున్నారట. అలాగే ఉండనియ్యమ్మా. నీకు మహా అయితే కొన్నాళ్ళు లైసెన్సు ఆపుతారు. వాడికైతే ఉద్యోగమే పోతుంది."

"నేను లేను కదా అత్తయ్యా బండిలో."

తోడికోడలు కళ్ళు తుడుచుకుంది. బావగారు అటు తిరిగే మాట్లాడాడు. "నా గురించి కాదు. ఆ టైలర్ గురించి ఆలోచించు. ముద్ర లేనివాడు తోలాడని తెలిస్తే బీమా వాళ్ళు చేతులు దులిపేసుకుంటారు. కాలూ పోయి, పరిహారమూ పోయి, ఆ మనిషి రోడ్డున పడతాడు. నీకు అది ఇష్టమైతే వెళ్ళి చెప్పు. నేను ఆపను."

ఆవిడ మొగుడి వంక చూసింది. అతను తన చేతుల్ని చూసుకుంటున్నాడు.

"ఏవండీ, మీరేమంటారు?"

"అన్నయ్య చెప్పేదీ... నిజమే కదా" అన్నాడు.

ఆవిడ ఒప్పుకుంది బావగారి ఉద్యోగం కోసం కాదు, అత్తగారు తల నిమిరినందుకూ కాదు. లోపల మత్తులో పడి ఉన్న మనిషి కోసం. ఇది తర్వాత ఆవిడే మా అమ్మకి చెప్పింది. చెప్పినప్పుడు నేనూ ఉన్నాను.

విచారణ జరిగిన గదికి మా వీధి వాళ్ళం కొందరం వెళ్ళాం. గోడల మీద చెమ్మ, తిరగని ఫ్యాను, పొడుగు బల్లలు. టైలర్ చంకల కింద కర్రలతో వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. తోలింది నేనే అని చెప్పడం ఆవిడకి కష్టం కాలేదు. అధికారి అక్కడితో వదల్లేదు.

"పరీక్ష రాసి, నెగ్గి, ముద్ర వేయించుకున్న మనిషివి. బరువు వెనక ఎందుకు పెట్టావు?"

ఆవిడ తన లాయరు వైపు చూసింది.

"గొలుసులు ఎందుకు వెయ్యలేదు?"

లాయరు ముందే నేర్పించాడు ఏం చెప్పాలో. ఆ చిన్న వాక్యం దగ్గర ఆవిడ ఎంతసేపు ఆగిందంటే, నీళ్ళు కావాలా అని అడిగారు. చివరికి తల వంచుకుని, "మర్చిపోయాను" అంది.

టైలర్ తల తిప్పి చూశాడు. ఆ చూపు మేమూ చూశాం. ఆ రోజు తల ఒళ్ళో పెట్టుకున్న మనిషిని చూసే చూపు కాదది.

తర్వాత మొగుణ్ణి సాక్షిగా అడిగారు. పక్కన కూర్చున్నది మీరేనా? అవును. తోలింది మీ భార్యేనా? అవును. అతను ఆ రెండు మాటలూ ఒకే గొంతుతో చెప్పాడు. మొదటిది నిజం, రెండోది కాదు అనే తేడా గొంతులో ఎక్కడా తెలియలేదు. ఆవిడే చెప్పమంది, అనుకున్నది అనుకున్నట్టే జరిగింది. అయినా ఆ రెండో 'అవును' వినగానే ఆవిడ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ముద్ర రద్దు చేశారు. కారు లైసెన్సు కూడా కొన్నాళ్ళు ఆపేశారు. మళ్ళీ వ్యాన్లు మొదలయ్యాయి, మళ్ళీ పగిలిన కుండీలు. సంతలో వాళ్ళ చోటు ఇంకెవరో పట్టేశారు. ఆవిడ టైలర్ ఇంటికి పళ్ళు తీసుకుని వెళ్తే అతని భార్య గుమ్మంలోనే ఆపేసింది. "నిన్ను చూస్తే ఆయనకి అన్నం సహించదు. రాకు" అంది. ఆవిడ మళ్ళీ వెళ్ళలేదు.

వీధిలో మేం మాత్రం తక్కువ తిన్నామా? ఎదురుపడితే బాగానే పలకరించేవాళ్ళం, దాటి వెళ్ళాక తల ఊపేవాళ్ళం. అంత జాగ్రత్త గల మనిషి ఎలా మర్చిపోయిందో అని. పాపం అన్నవాళ్ళున్నారు, పొగరు దిగిందన్నవాళ్ళూ ఉన్నారు.

ఇదంతా ఆవిడ ఓర్చుకుంది. నిజం లోపల ఉంది కదా, ఇంట్లో నలుగురికీ తెలుసు కదా అనుకునేది. ఓర్చుకోలేనిది తర్వాత వచ్చింది.

మేడ మీది గదులు పూర్తయ్యాయి. బావగారు చుట్టాల్నీ, తోటి డ్రైవర్లనీ, మా వీధి వాళ్ళనీ భోజనానికి పిలిచాడు. కొత్త గదిలో, ఆ పలకలు పరిచిన నేల మీదే విస్తళ్ళు వేశారు. ఆవిడ వడ్డిస్తోంది. ఎవరో ఒక డ్రైవరు మాట వరసకి ఆ ప్రమాదం సంగతి ఎత్తాడు.

బావగారు నిట్టూర్చాడు. "ఎంత చెప్పానండీ! అమ్మాయ్, బరువు ఇరుసుకి ముందుకి పెట్టు, వెనక పెడితే తోక ఊగుతుంది అన్నాను. గొలుసులు కత్తెరలా వెయ్యి అన్నాను. ఊగినప్పుడు బ్రేకు తొక్కకూడదు, తిన్నగా పట్టుకుని ఊరుకోవాలి. వింటేనా? అనుభవం అనేది ముద్ర వేస్తే వస్తుందా?"

తమ్ముడు పక్క విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు. అన్నం కలుపుతూ తల ఊపాడు.

అబద్ధం చెప్పడం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఆయన ఆవిడ మాటలే, ఆవిడ నేర్చుకున్నదే, ఆవిడ మొగుడికి వివరించిందే తీసుకుని ఆవిడ మీదకే విసిరాడు. ఆ మాటలు ఆయనకి ఎవరు చెప్పారో వేరే చెప్పక్కర్లేదు. పైగా ఆయన నటించడం లేదు. ఆ మొహం చూస్తే తెలుస్తుంది, చెప్పీ చెప్పీ ఆయన దాన్ని నమ్మేశాడు.

ఆవిడ చేతిలో గిన్నె నేల మీద పెట్టింది.

"బావగారూ, ఆ రోజు బండి తోలింది ఎవరు?"

విస్తళ్ళ మీద చేతులు ఆగిపోయాయి.

"నేను తోట గేటు దగ్గర ఉన్నాను. తోలింది మీరు. పక్కన కూర్చుంది ఈయన. వెనక పేర్చింది మీరు, గొలుసులు వదిలేసింది మీరు, బ్రేకు తొక్కింది మీరు. ఏవండీ, చెప్పండి. ఇక్కడ కోర్టు లేదు, పోలీసు లేడు. ఒక్కసారి చెప్పండి."

అందరూ అతని వైపు చూశారు.  అతను అన్నయ్య వంక చూసి, ఆవిడ వంక చూసి, విస్తరి వంక చూశాడు.

"ఇప్పుడెందుకే అవన్నీ" అన్నాడు.

అత్తగారు గబగబా అందుకుంది. "ఆ ప్రమాదమయినప్పటి నుంచీ దానికి మనసు మనసులో లేదు. మీరు తినండి బాబూ." తోడికోడలు వచ్చి గిన్నె తీసుకుని వడ్డన మొదలుపెట్టింది. తినేవాళ్ళు తిన్నారు. మేమూ తిన్నాం, తల వంచుకుని.

ఆవిడ అక్కణ్ణించి దిగి, నేరుగా టైలర్ దుకాణానికి వెళ్ళింది. అతను కుర్చీలో కూర్చుని గుండీలు కుడుతున్నాడు. మిషను వేరే మనిషి తొక్కుతున్నాడు. ఆవిడ లోపలికి వెళ్ళకుండా, ఆ మెట్టు కింద నిలబడే అంతా చెప్పింది. అతను గుండీలు కుడుతూనే విన్నాడు. చివర్న, "ముద్ర లేనివాడు తోలాడంటే మీకు రావలసింది రాదన్నారు. అందుకే ఒప్పుకున్నాను" అంది.

అతను దారం పంటితో తెంపాడు. "ఎవరన్నారు?"

"మా బావగారు."

"నాకెలాగూ వచ్చేదమ్మా. మా లాయరు మొదటి రోజే చెప్పాడు. బండికి బీమా ఉంటే కాలు పోయినవాడికి ఇచ్చి తీరతారు. తర్వాత తోలినవాడి దగ్గర వాళ్ళు రాబట్టుకుంటారు. తప్పించుకున్నది వాడు. బస్సు తోలే మనిషికి ఆ మాత్రం తెలీదా?"

 ఆవిడ మెట్టు మీద కూర్చుండిపోయింది.

"మీరైనా నన్ను నమ్ముతున్నారా?" అని అడిగింది.

"అప్పుడు ఒట్టేసి అదీ చెప్పావు, ఇప్పుడు ఇదీ చెబుతున్నావు" అన్నాడు అతను. గొంతులో కోపం కూడా లేదు. "ఇన్నాళ్ళూ నిన్ను తిట్టుకుంటూ పడుకునేవాణ్ణి. కనీసం అదొకటి ఉండేది. ఇప్పుడు అదీ తీసుకుపోతున్నావు. వెళ్ళమ్మా, పనుంది."

మర్నాడు ఆవిడ విచారణ జరిగిన చోటికే వెళ్ళి పాత మాట వెనక్కి తీసుకుంటున్నానని రాసిచ్చింది. దానివల్ల ఏమవుతుందో అక్కడి అధికారి విడమరిచి చెప్పాడు. "ముందు చెప్పింది అబద్ధమని నువ్వే ఒప్పుకుంటున్నావు కాబట్టి నీ మీద వేరే కేసు. మీ బావగారి మీద కేసు కావాలంటే మాత్రం సాక్షి కావాలి. బండిలో ఉన్న సాక్షి ఎవరు?"

మొగుణ్ణి మళ్ళీ పిలిచారు. ఆ ముందు రోజు ఆవిడ అతని ఎదురుగా కూర్చుని ఏమేమి అడిగిందో, ఏడ్చిందో, తిట్టిందో మాకు తెలీదు. ఆ ఇంట్లోంచి వినబడింది మాత్రం ఒక్క ఆవిడ గొంతే. అతను వెళ్ళి, మొదట చెప్పిందే మళ్ళీ చెప్పి వచ్చాడు.

అన్నయ్య మీద ఏమీ రాలేదు. ఆవిడకి తప్పుడు వాంగ్మూలం కింద శిక్ష పడింది, జైలు కాదు గానీ మచ్చ మచ్చే. ముద్ర కోసం మళ్ళీ పరీక్షకి కూర్చునే అవకాశం ఇంకా వెనక్కి జరిగింది.

శిక్ష పడిన వారంలోనే ఆవిడ ఇల్లు వదిలేసింది. గొడవ లేదు, చూడ్డానికి మేం బయటికి వచ్చేంత చప్పుడు కూడా లేదు. ఒక సంచీ, ఒక పరుపు చుట్ట. ఊరికి అవతల చెరువు దగ్గర పడవలు బాగుచేసే ఒకాయన షెడ్డులో పనికి కుదిరింది. పడవల అడుగున నాచు గీకడం, రంగు వేయడం. పక్కనే చిన్న గదిలో ఉండేది. ఆ షెడ్డు వాళ్ళకి పడవల్ని చెరువుకీ ఇళ్ళకీ చేర్చే ట్రైలరు ఒకటి ఉంది. ఇంకెవరో లాగుతుంటే ఆవిడ రంగు కుంచె పట్టుకుని చూస్తుండేదట. గొలుసులు సరిగా వెయ్యకపోతే వెళ్ళి సరిచేసి వచ్చేది, ఏమీ అనకుండా.

గడువు తీరాక మళ్ళీ పరీక్షకి వెళ్ళింది. ఈసారి ఒక్క గీత తాకకుండా వెనక్కి నెట్టి నిలబెట్టింది. పరీక్ష పెట్టినాయన పాత కాగితాల్లో పేరు చూసి, "ఇంత బాగా వచ్చు, అప్పుడేమైందమ్మా నీకు?" అన్నాడు. ఆవిడ కాగితం తీసుకుని వచ్చేసింది. ఇప్పుడు పడవలన్నీ ఆవిడే లాగుతుంది.

ఈమధ్య మొగుడు ఆ షెడ్డుకి వెళ్ళాడు. బాగా చిక్కిపోయాడు. తోట సగం ఎండిపోయింది, అమ్ముకొచ్చే మనిషి లేదు. ట్రైలరు ఎప్పుడో అమ్మేశాడు. ఆ మాట చెప్పాలని వెళ్ళాడో, చెప్పకూడదని వెళ్ళాడో గానీ ముందు అదే చెప్పాడు.

ఆవిడ ఒక పడవని ట్రైలరుకి పట్టీలతో బిగిస్తోంది. చేతులు ఆపలేదు.

"వచ్చెయ్యి. అమ్మ కూడా రమ్మంటోంది" అన్నాడు.

"వచ్చి?"

"మామూలుగానే ఉందాం."

"వెళ్ళి ఆ మాట చెబుతారా? తోలింది మీ అన్నయ్యే అని. ఇప్పటికైనా?"

"అన్నయ్య ఇంకొన్నాళ్ళలో రిటైరైపోతాడు. అప్పటిదాకా..."

ఆవిడ పట్టీ మీద ఒక కాలు పెట్టి, రెండు చేతులా లాగి, ముడి బిగించింది.

"మా అమ్మవాళ్ళు పెళ్ళికి ముందు చెప్పారు, నీకు ఒక కన్నే అని" అంది. మొదటిసారి అతన్ని నువ్వు అంది. "ఆ ఒక్క కంటితో కూడా ఆ రోజు అంతా చూశావు. పక్కనే కూర్చుని చూశావు."

 అతను రోడ్డెక్కి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

లోపల్నించి అంతా విన్న షెడ్డు ఆయన భార్య టీ గ్లాసు తెచ్చి ఇస్తూ, ఏమీ విననట్టు, "ఎవరమ్మా ఆయన?" అని అడిగింది.

"నేను ఇదివరకు ఉన్న వీధాయన. మొక్కలు అమ్ముతాడు" అంది ఆవిడ.

ఇది ఆ షెడ్డావిడే చెప్పింది, మా అమ్మ మొన్న పడవ మీద చెరువు దాటినప్పుడు. అమ్మ ఇంటికొచ్చి చెబుతుంటే మా నాన్న అడ్డొచ్చి, "అయినా అసలు నిజమేమిటో ఎవరు చూడొచ్చారు" అన్నాడు. అమ్మ చేతిలో గరిట అలాగే పట్టుకుని ఆయన వంక చూసింది.